పద్యబోధనమున లక్ష్యవాక్యములు: ప్రయోజనవిచారము

ఉపాధ్యాయశిక్షణ పొందు విద్యార్థి పాఠప్రణాళికయందు లక్ష్యములను ముందుగా వ్రాయును. పాఠము ముగిసిన పిదప తన అనుభవమును దినచర్యగా వ్రాసికొనును. పద్యబోధనమునకు సంబంధించినంతవఱకు ఈ రెండు వ్రాతలకును గల సంబంధమును పరిశీలించుట మా యుద్దేశము.

లక్ష్యనిర్దేశము మన శాస్త్రసంప్రదాయమునకు క్రొత్త కాదు. గ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను అనుబంధచతుష్టయమును తెలుపుట ప్రాచీనుల మర్యాద. ఆధునికకాలమున బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వమున 1956లో వెలువడిన వర్గీకరణము జ్ఞానము, అవగాహనము, వినియోగము, విశ్లేషణము, సంశ్లేషణము, మూల్యాంకనము అను ఆఱు మెట్లను నిర్దేశించినది. విద్యార్థి చేయు పని, అది జరుగు పరిస్థితి, అంగీకరింపదగిన ప్రమాణము అను మూడును లక్ష్యవాక్యమున స్పష్టముగా నుండవలెనని 1962లో రాబర్ట్ మేగర్ ప్రతిపాదించెను.

ఈ పద్ధతి చేసిన మేలు కాదనరానిది. ‘పద్యమునందు అభిరుచి కలిగించుట’ అను వాక్యము ఉపాధ్యాయుని ఏ పనికిని పురికొల్పదు. ‘విద్యార్థి ఉత్పలమాల పాదమును గణవిభజన చేసి యతిస్థానమును గుర్తింపగలడు’ అను వాక్యము ఏమి బోధింపవలెనో, ఏమి పరీక్షింపవలెనో వెంటనే తెలుపును. భ-ర-న-భ-భ-ర-వ గణములును, పదవ యక్షరమున యతియు తప్పొప్పులు నిర్ణయింపదగిన విషయములే కదా!

పోతన గజేంద్రమోక్షమును బోధించునపుడు చిక్కు బయటపడును. బలము సడలి, రక్షకుని ఉనికినే శంకించు గజరాజు స్థితిని గూర్చి విద్యార్థి ప్రతిపదార్థము చెప్పగలడు, అలంకారమును పేర్కొనగలడు. ఆ శంక అతని మనస్సును తాకినదా యను ప్రశ్నకు ఈ సమాధానములు చాలవు. మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పిన ప్రయోజనములలో వ్యవహారజ్ఞానమును కొంతవఱకు పరీక్షింపవచ్చును. సద్యఃపరనిర్వృతిని కొలుచు ప్రశ్నపత్రము లేదు. ఎలియట్ ఐస్నర్ 1969లో బోధనలక్ష్యములనుండి వ్యక్తీకరణలక్ష్యములను వేఱుచేసి చూపెను. రెండవవానియందు ఫలమును ముందుగా నిర్ణయింపక, విద్యార్థి పొందవలసిన అనుభవమును మాత్రమే నిర్దేశింతురు. రసవత్తరమైన పద్యమునకు ఇదియే తగిన త్రోవయని మా అభిప్రాయము.

ఇక దినచర్య. 2014 నాటి నిబంధనలు బి.ఎడ్. శిక్షణను రెండేండ్లకు పెంచి, 20 వారములు పాఠశాలతో సంబంధముండవలెనని విధించినవి. ఇంత అవకాశము లభించినను, ‘లక్ష్యములు నెరవేరినవి’ అను వాక్యముతో ముగియు దినచర్య వ్యర్థము. దీనికి మూలము లక్ష్యవాక్యమునందే కలదు. అందు ‘విద్యార్థి’ యను పదము కలదు గాని, ఆ తరగతిలో కూర్చున్న బాలుడు గాని బాలిక గాని లేరు. ప్రయోజనము నిలిచినది, అధికారి జాఱిపోయెను. మార్కులకై పరిశీలకుని మెప్పింపవలసిన శిక్షణార్థి, కొలువగలిగినదానినే వ్రాయ నలవాటుపడును. క్రమముగా దానినే చూడ నలవాటుపడును. అసలు నష్ట మిదియే.

కావున ఛందోవ్యాకరణాదులకు మేగర్ చెప్పిన నిర్దిష్టత నుంచుకొని, రసాస్వాదమునకు అనుభవనిర్దేశముతో తృప్తిపడుట మేలు. దినచర్య మాత్రము అధికారిని మరల తరగతిలోనికి తేవలెను: ఎవరు ఎచ్చట మౌనము వహించిరి, ఎవరు ఊహింపని ప్రశ్న వేసిరి, ప్రణాళికలో లేని ఏ ఫలము కలిగెను? వీనిని నిజాయితీగా వ్రాసినప్పుడే మఱునాటి లక్ష్యవాక్యమునకు ప్రాణము కలుగును.