డబ్బా మూత తీయడానికి మోటారు

రేకుడబ్బా ముందు పుట్టింది. దాన్ని తెరిచే సాధనం సుమారు ఏభై ఏళ్ళు ఆలస్యంగా పుట్టింది. ఆహారాన్ని సీసాలలో మూసి, వేడినీటిలో కాచి నిలవచేసే పద్ధతికి నికొలా అప్పేర్ అనే ఫ్రెంచివాడు 1810లో తన ప్రభుత్వంనుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ సీసాకు బదులు తగరం పూసిన ఇనుపరేకు డబ్బాకు పేటెంటు తీసుకొన్నాడు. ఆ తొలి డబ్బాల రేకు మందం. సైనికులూ నావికులూ వాటిని ఉలితో, సుత్తితో కొట్టి తెరవవలసి వచ్చేది. రేకు పలచబడిన తరువాత అమెరికాలో ఎజ్రా వార్నర్ 1858లో ఒక కోత సాధనానికీ, విలియం లైమన్ 1870లో కత్తిచక్రం తిరిగే సాధనానికీ పేటెంట్లు పొందారు. 1925లో కత్తిచక్రానికి తోడుగా డబ్బా అంచును పట్టి తిప్పే పళ్ళచక్రం చేరింది. ఇళ్ళలో వాడే కరెంటు టిన్ కటర్ 1956లో కాలిఫోర్నియాలో అమ్మకానికి వచ్చింది. ఇందులో కొత్తగా చేరింది మోటారు ఒక్కటే. కోసే చక్రమూ, తిప్పే చక్రమూ అంతకుముందు వచ్చినవే.

అమ్మేవారు మాత్రం మోటారునే ముందు నిలబెట్టి చూపుతారు. ఎన్ని వాట్లు, ఎన్ని సెకండ్లలో కోస్తుంది అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. కొనేవారికి కావలసిన సంగతులు ఆ పెట్టెమీద ఉండవు.

ఈ యంత్రం ముఖ్యంగా అమెరికా వంటింటిది. చిక్కుళ్ళు, టొమేటోలు, చేపలు, పెంపుడుపిల్లి ఆహారంతో సహా అక్కడ టిన్నులలో దొరుకుతాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కాబూలీ సెనగలు, కొబ్బరిపాలు టిన్నులలో కొంటారు. చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి గుజ్జు 850 గ్రాముల టిన్నులలోనూ, 3.1 కిలోగ్రాముల పెద్ద టిన్నులలోనూ సముద్రాలు దాటి వాళ్ళ ఇళ్ళకు చేరుతుంది. మన దేశంలో ఎప్పుడో ఒక గట్టిపాల డబ్బా, పండుగకొక రసగుల్లాల డబ్బా తెరిచే ఇంటికి ఈ యంత్రం అక్కరలేదు. ఆ మాట మొదటే చెప్పడం మంచిది. కాని పరాయి దేశంలో ఒంటరిగా వంట చేసుకొనే, వేళ్ళు వంగని ముసలితల్లికి ఇది అక్కరకు వస్తుందా, రాదా అన్నది తేల్చవలసిన ప్రశ్నే.

ముందుగా డబ్బా అంచును చూడాలి. మూతరేకూ ఒంటిరేకూ ఒకదాని కొక్కెంలో ఒకటి పడేటట్లు మడిచి, నొక్కి బిగించిన కుట్టు అది. ఉపాధ్యాయులు ఖాళీ డబ్బా అంచును ఒకచోట ఆకురాయితో జాగ్రత్తగా అరగదీస్తే ఆ కుట్టు అడ్డుకోత కనిపిస్తుంది. లెక్కపెడితే అయిదు పొరలు ఉంటాయి: మూతవి మూడు, ఒంటివి రెండు. సాధారణమైన కటర్ ఈ కుట్టును ముట్టుకోదు. దాని పళ్ళచక్రం కుట్టును కిందనుంచి పట్టుకొంటుంది. కత్తిచక్రం కుట్టుకు లోపలివైపున, ఒకే పొర ఉన్నచోట మూతలో దిగుతుంది. అక్కడ రేకు మందం మిల్లీమీటరులో అయిదోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంతటి పలచని రేకును కోయడానికి పెద్ద శక్తి అవసరం లేదు.

ఎంత అవసరమో లెక్కవేయవచ్చు. 70 వాట్ల యంత్రం ఒక టిన్నును పది సెకండ్లలో కోసిందనుకొందాం. ఖర్చయిన శక్తి 700 జౌళ్ళు. ఒక యూనిటు కరెంటు 36 లక్షల జౌళ్ళు. అంటే ఒక యూనిటుతో అయిదువేల టిన్నులకు పైగా తెరవవచ్చును. ఇక తిరిగే వేగం. ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసంగల డబ్బా పరిధి ఇంచుమించు 24 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల వ్యాసంగల పళ్ళచక్రం ఆ దూరాన్ని దాటడానికి నాలుగు చుట్లకు కొంచెం తక్కువ తిరగాలి. పది సెకండ్లకు ఆ లెక్కన నిమిషానికి ఇరవైమూడు చుట్లు. మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి మధ్య పళ్ళచక్రాల వరస పెట్టి వేగాన్ని తగ్గిస్తారు. వేగం తగ్గినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. చిన్న మోటారు సరిపోవడానికి కారణం ఇదే. 70 వాట్లకు బదులు 120 వాట్లు రాసి ఉన్నంతమాత్రాన మూత బాగా తెగదు. వరసలోని చక్రాలు ప్లాస్టిక్‌వైతే, పెద్ద మోటారు వాటి పళ్ళను ఇంకా త్వరగా అరగదీయవచ్చును కూడా.

అసలు కష్టం తిప్పడంలో లేదు. మొదటి పోటులో ఉన్నది. కత్తిచక్రం రేకులోకి దిగే క్షణంలోనే ఎక్కువ బలం కావాలి. బల్లమీద నిలబెట్టే కరెంటు కటర్లలో చాలావాటిలో ఆ పని మోటారు చేయదు. మనిషే మీట నొక్కి చేయాలి. ఆ నొక్కుతోనే మోటారుకూడా కదులుతుంది. ఇది తెలియక కొన్న ముసలివారు, కరెంటు ఉండికూడా చేతిబలం ఎందుకు కావలసివచ్చిందని తెల్లబోతారు.

ఐనా ఈ యంత్రాన్ని ఇంతటితో తోసివేయడం న్యాయం కాదు. చేతి కటరుతో పని ఎలా జరుగుతుందో చూడాలి. ఎడమచేతితో రెండు పిడులను విడవకుండా బిగించి పట్టాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలుతో తాళంచెవి వంటి బిళ్ళను మెలితిప్పుతూ ఉండాలి. కీళ్ళవాతం ఉన్నవారికి ఈ మెలిపెట్టడమే ప్రాణాంతకం. కరెంటు కటరులో ఆ మెలి లేదు. మీటను అరచేతితో, అవసరమైతే మోచేతితోనైనా నొక్కవచ్చు. వేళ్ళతో పని లేదు. డబ్బాను యంత్రమే పట్టుకొంటుంది గనుక పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారుకూడా, డబ్బాను అంచుకు అందించడం అలవాటైతే, ఇంకొకరిని పిలవకుండా అన్నానికి కూర్చోగలుగుతారు. యంత్రం ఇచ్చేది బలం కాదు, వేరొక కదలిక. కాబట్టి అంగడిలో చూడవలసింది వాట్లు కాదు, మీట పొడవు. తులాదండ సూత్రం ప్రకారం మీట రెట్టింపు పొడవుంటే సగం బలం చాలు. కురచ మీటను అందంకోసం యంత్రపు ఒంటిలో ఇమిడ్చిన నమూనాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఎవరికోసం ఈ యంత్రం పుట్టిందో వారికే అవి పనికిరావు.

రెండవ పరీక్ష బరువు. యంత్రం తేలికగా ఉండటం గొప్ప అని పెట్టెలమీద రాస్తారు. ఇక్కడ అది లోపం. డబ్బా అంచున వేలాడుతూ తిరుగుతుంది కనుక దాని బరువు యంత్రాన్ని ముందుకు లాగుతుంది. యంత్రం బరువు కిలోన్నర, దాని గరిమనాభి పీఠం ముందు అంచుకు ఆరు సెంటీమీటర్లు వెనుక ఉన్నదనుకొందాం. దాని భ్రామకం 1.5 × 6, అంటే 9. కత్తిచక్రం సరిగా పీఠపు ముందు అంచుకు పైన ఉంటే, డబ్బా గరిమనాభి దాని వ్యాసార్ధమంత దూరంలో ముందుకు ఉంటుంది. 450 గ్రాముల సెనగల టిన్ను వ్యాసార్ధం 3.75 సెంటీమీటర్లు, భ్రామకం 1.7 మాత్రమే. 850 గ్రాముల మామిడి గుజ్జు టిన్ను వ్యాసార్ధం 5, భ్రామకం 4.25. రేకు బరువు కలిపినా యంత్రం నిలుస్తుంది. పెండ్లిళ్ళకూ సంఘాల విందులకూ తెచ్చే 3.1 కిలోల టిన్ను వ్యాసార్ధం సుమారు 8 సెంటీమీటర్లు. భ్రామకం దాదాపు 25. చెయ్యి ఆసరా ఇవ్వకపోతే యంత్రం బోర్లపడుతుంది. ఆ టిన్ను ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు కావడంవల్ల చాలా యంత్రాల కింద అసలు పట్టదు కూడా. అటువంటి టిన్నుకు గట్టి చేతి కటరే దిక్కు.

మూతను పట్టి ఉంచే అయస్కాంతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇనుపరేకు మూతను అది పట్టుకొంటుంది. అల్యూమినియం మూతను పట్టుకోదు. ఆ మూత గుజ్జులో మునిగిపోతుంది. దాన్ని వేలితో తీయబోయి తెగిన వేళ్ళెన్నో.

ఈ చిక్కు తప్పించడానికే పక్కనుంచి కోసే రకం వచ్చింది. దీని చక్రం డబ్బా వెలుపలనుంచి కుట్టు పైపొరను మాత్రమే కోస్తుంది. అంచుతో సహా మూత ఊడి చేతికి వస్తుంది. మిగిలిన అంచులు ఇంచుమించు మొండిగా ఉంటాయి. చక్రం ఆహారాన్ని తాకదు. చిన్నపిల్లలున్న ఇంటికి, చూపు తగ్గినవారికి ఇదే మేలైన ఎన్నిక. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి: చుట్టు పూర్తికాగానే ఆపాలి. కోసినచోటనే మళ్ళీ తిరగనిస్తే వెంట్రుకవంటి సన్నని లోహపు పీచులు లేచి ఆహారంలో పడవచ్చును. తనంతట తాను ఆగని యంత్రంలో ఈ ప్రమాదం ఎక్కువ.

అన్నిటికన్న పెద్ద లోపం, పెట్టెమీద ఎవరూ రాయనిది, శుభ్రం. పైనుంచి కోసే కత్తిచక్రం ప్రతిసారీ పాలలోనో, చేపల రసంలోనో తడుస్తుంది. డబ్బా లోపలి ఆహారాన్ని సూక్ష్మజీవులు చావాలని అంత వేడిమీద కాచి మూసినదీ, నిన్నటి మడ్డి ఎండిన చక్రంతో ఈనాడు తెరిచేదీ ఒకే డబ్బా. అప్పేర్ పడ్డ శ్రమ ఆ ఒక్క చుట్టుతో వృథా. చేతి కటరును సబ్బునీళ్ళలో ముంచి తోమవచ్చు. మోటారున్న యంత్రాన్ని ముంచరాదు. కాబట్టి కత్తిచక్రమూ మీటా ఒకే ముక్కగా ఊడి చేతికి వచ్చే నమూనానే కొనాలి. ఊడిరాని దానిని, అది ఎంత చవకైనా, వదలివేయాలి. కోసేముందు డబ్బా మూతను తుడవడం, కోసిన తరువాత ప్లగ్గు తీసి చక్రాన్ని కడిగి ఆరబెట్టడం అలవాటు కావాలి. ఉబ్బిన డబ్బాను ఏ కటరుతోనూ తెరవకూడదు. లోపల పెరిగిన సూక్ష్మజీవుల వాయువు దాన్ని ఉబ్బించి ఉండవచ్చు. బొట్యులినం విషం రుచికీ వాసనకూ తెలియదు. అలాగే తెరిచిన మామిడి గుజ్జును, టొమేటోను ఆ డబ్బాలోనే ఉంచరాదు. గాలి తగిలిన తరువాత వాటి పులుపుకు తగరం త్వరగా కరుగుతుంది. గాజు పాత్రలోకో, పింగాణీ జాడీలోకో మార్చాలి.

బ్యాటరీలతో పనిచేసి, డబ్బా నెత్తిమీద కూర్చుని తానే చుట్టూ నడిచే చిన్న యంత్రాలుకూడా ఉన్నాయి. మీట నొక్కే బాధ లేదు, ఒక బొత్తాం చాలు; ఆ మాటకు వస్తే కీళ్ళవాతం ఉన్నవారికి వీటినే ముందు చూపించాలి. కాని అంచు సొట్టపోయిన డబ్బామీద ఇవి నిలిచిపోతాయి. సగం చుట్టులో బ్యాటరీ నీరసిస్తే డబ్బాను పట్టిన పట్టు వదలకుండా మొరాయిస్తాయి. కొత్త బ్యాటరీలు ఇంట్లో లేకపోతే ఆ పూట కూర లేనట్లే.

ఈలోగా డబ్బాయే మారిపోతున్నది. 1963లో అమెరికాలో ఎర్మల్ ఫ్రేజ్ లాగితే ఊడే మూతకు పేటెంటు పొందాడు. తరువాత ఆహారపు టిన్నులకుకూడా ఉంగరం మూతలు వచ్చాయి. ఇవి బలమైన వేళ్ళకు వరం, నొప్పి వేళ్ళకు శాపం. ఉంగరం కిందికి గోరు దూర్చి లేపడం కటరుకంటె కష్టం. డబ్బాను తిరగేసి అడుగును కోద్దామంటే, అడుగూ ఒళ్ళూ ఒకే రేకుతో సాగదీసిన డబ్బాలకు కింద కుట్టు ఉండదు, పళ్ళచక్రానికి పట్టు దొరకదు. ఇంట్లోకి వచ్చే టిన్నులను ఒక వారంపాటు తిరగేసి చూసి, కుట్టున్నవి ఎన్నో లెక్కపెట్టిన తరువాతనే అంగడికి వెళ్ళడం మంచిది.

అమెరికానుంచి తల్లిదండ్రులకు కానుకగా ఈ యంత్రాన్ని పంపేవారు ఇంకొకటి చూడాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెకండుకు 60 ఆవృత్తులు; ఇక్కడ 230 వోల్టులు, 50 ఆవృత్తులు. యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే దాదాపు రెట్టింపు వోల్టేజికి మోటారు తీగచుట్ట కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుంది గాని పౌనఃపున్యాన్ని మార్చదు. కొన్ని రకాల మోటార్లు 50 ఆవృత్తులమీద నెమ్మదిగా తిరిగి ఎక్కువ వేడెక్కుతాయి. పైగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువు కటరు బరువును మించవచ్చు. బ్యాటరీ రకానికి ఈ బెడద లేదు. అది ఏ దేశంలోనైనా ఒకేలా నడుస్తుంది.