జడ: చూచువారు, ధరించువారు, అల్లువారు

తెలుగు ప్రబంధములలో నాయిక జడను వర్ణింపని కవి అరుదు. నల్లత్రాచు, తుమ్మెదబారు, కారుమొయిలు, చీకటి, నెమలిపురి - ఈ ఉపమానములు కావ్యపాఠకులకు కంఠస్థములే. అయినను ఆ జడను ఎవరు వేసిరి, ఎంతసేపు వేసిరి, వేయునపుడు ఏమి మాటలాడుకొనిరి అను ప్రశ్న ఆ వర్ణనలలో తలయెత్తుట మాకు కానరాదు. కవి నాయిక వెనుక నిలిచి జడను చూచును. జడవేయు చేతులను చూడడు. ఈ లోపమును గుర్తించి, ఇంట ఆడపిల్లలకు జడవేయు పనిని ఒక కళగా ఎంచి, దాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఈ విచారణతో ప్రత్యేకమైన పని కలదు. ఆ సంగతి చివర మనవి చేయుదుము.

ముందుగా మాటను గూర్చి కొంత. 'జట' అను సంస్కృతపదమే మనకు 'జడ' అయినది. కన్నడిగులు 'జడె' అందురు, తమిళులు 'సడై', 'పిన్నల్' అందురు. మరాఠీలకును ఒడియావారికిని అది 'వేణి'. మరాఠీలో తలలో తురుముకొను పూలదండకు సైతము వేణి యనియే పేరు. జడలోని విభాగమునకు మనము 'పాయ' యందుము. నది చీలికకును అదే మాట. గౌతమీ పాయ యొడ్డుననున్న యానాము వారికి ఈ మాటను వివరింప నక్కరలేదు. మూడు నదుల కలయికను త్రివేణి యన్న పూర్వులు నదిని చూచి జడను, జడను చూచి నదిని తలచినవారే. ఇక 'అల్లు' అను క్రియను చూడుడు. జడ అల్లుదుము, బుట్ట అల్లుదుము, పందిరికి తీగ అల్లుకొనును, కథ అల్లుదుము, కవిత అల్లుదుము. కవి పనికిని తల్లి పనికిని ఒకే క్రియ నిచ్చిన భాష మనది. ఆ సామ్యమును కవులు పట్టించుకొనక పోవుటయే వింత.

చూచువారి జడ

కావ్యములలో జడ నిండు యౌవనవతికి గాని, దుఃఖములోనున్న ఇల్లాలికి గాని చెందినది. అశోకవనములో సీత ఏకవేణితో నున్నది. ఆ వేణితోనే ప్రాణము తీసుకొందునని తలచిన ఘట్టము సుందరకాండలో నున్నది. మేఘసందేశములో యక్షుని భార్య జడ, మగడు తిరిగివచ్చి విప్పువరకు ముడివడియే యుండవలసినది. తిక్కన ఉద్యోగపర్వములో ద్రౌపది తన కురులను కృష్ణునికి చూపినపుడు, ఆ కురులు సంధిమాటలన్నిటిని త్రోసివేయు సాక్ష్యమగుచున్నవి. ఇవి గొప్ప ఘట్టములు. కాని మూడింటను కేశములు ఒక గుర్తు మాత్రమే: విరహమునకు, వేదనకు, అవమానమునకు గుర్తు. పసిపిల్ల తల, దువ్వెన, నూనెగిన్నె, చిక్కుతీయు ఓర్పు - వీనికి అచ్చట చోటులేదు.

బాల్యమును వర్ణించుటలో పోతనను మించినవారు లేరు. అతడును దుమ్ముకొట్టుకొని యాడు బాలకృష్ణుని శివునితో పోల్చుచు, నుదుటి ముత్యపు నగను చంద్రరేఖగా దర్శించినాడు. అది భక్తుని చూపు, అద్భుతమైన చూపు, అయినను చూపే. పొరుగుభాషలలో ఈ విషయమున మనకంటె ముందున్నవారు కలరు. పెరియాళ్వారు యశోద భావమును పూని, కన్నని తలదువ్వుటకు కాకిని పిలుచు పాశురములను, అతనికి పూలు ముడుచుటకై పిలుచు పాశురములను రచించినాడు. తమిళనాట స్థిరపడిన మన వైష్ణవ కుటుంబములవారు వీనిని నేటికిని వినుచునే యున్నారు. సూరదాసు కృష్ణుడు, పాలు త్రాగినను తన పిలక పెరుగలేదేమని తల్లిని నిలదీయును. ఈ రెండుచోట్లను కవి తల్లి పక్కన కూర్చుండినాడు. అయితే అచ్చటను పిల్లవాడు దేవుడు, అందునను మగపిల్లవాడు. మామూలు ఇంటి ఆడపిల్ల జడకు కావ్యగౌరవము ఇంకను రావలసియే యున్నది.

ధరించువారి జడ

కావ్యమునకు భిన్నముగ రంగస్థలము జడకు నోరిచ్చినది. సిద్ధేంద్రయోగి రచనగా కూచిపూడివారు తలచు భామాకలాపములో సత్యభామ ముఖము కంటె ముందు ఆమె జడ ప్రేక్షకులకు కనబడును. తెరపైనుండి జడను ఇవతలికి వేయుట సవాలు. అభినయములోను పాండిత్యములోను తన్ను మించినవారుండిన ముందుకు రావలెననియు, ఓడినచో ఆ జడను కోయించుకొందుననియు దాని అర్థముగా సంప్రదాయము చెప్పును. ఇచ్చట జడ ఉపమానము కాదు, పందెము. సూర్యచంద్రుల బిళ్ళలు, నాగరము, కుచ్చులు గల ఆ జడను వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) వంటి పురుషులు ధరించి సత్యభామను నిలబెట్టిరి. జడ అందము వెంట్రుకలలో లేదు, దానిని మోయు మెడలో, నడకలో నున్నదని వారు నిరూపించిరి. తంజావూరు సీమలోని మెలట్టూరులో నరసింహజయంతి వేళ జరుగు భాగవతమేళ నాటకములు తెలుగు నాటకములే. అచ్చటను స్త్రీపాత్రలను పురుషులే ధరించుట ఆచారము. తమిళదేశపు నడిబొడ్డున తెలుగు మాట, తెలుగు పాట నిలిచిన ఆ రంగస్థలమున లీలావతి జడయు నిలిచినది.

అయినను రంగస్థలపు జడ తెరవెనుక సిద్ధమై వచ్చునది. అల్లుటయే చూడదగిన వేడుకగా మారినది జడకోలాటములో. పైనుండి వ్రేలాడు త్రాళ్ళను పట్టుకొని కోలలు కొట్టుచు ఒకరి నొకరు దాటుచు తిరుగువారి నడుమ త్రాళ్ళు జడగా అల్లుకొనును. వెనుకకు తిరిగి ఆడినపుడు ఆ జడ విడివడును. ఒక్కరు అడుగు తప్పిన అల్లిక అంతయు చెడును. తమిళులు దీనిని పిన్నల్ కోలాట్టమందురు. మా దృష్టిలో ఇది జడను గూర్చిన కళలన్నిటిలో న్యాయమైనది. ఏలన, ఫలమును కాక పనిని చూపుచున్నది.

అల్లువారి జడ

ఇంట జరుగు పనిని ఇప్పుడు పరీక్షింతము. మంచి జడకు మొదటి గుణము చిక్కు తీయుటలో నున్నది. నేర్పరి కొనలనుండి ప్రారంభించి కొద్దికొద్దిగా పైకి పోవును. తొందరపడువారు కుదుళ్ళనుండి దువ్వెన దింపి పిల్లను ఏడ్పింతురు. రెండవది పాపిట; అది వంకరపోయిన తరువాత ఎంత చక్కని అల్లికయు దానిని దిద్దజాలదు. మూడవది పాయల సమత. కుడిపాయ నడిమిదానిపైకి, ఎడమపాయ నడిమిదానిపైకి - ఇంతే విద్య. కాని మూడింటిని ఒకే బిగువున పట్టుటకు వ్రేళ్ళకు తెలివి కావలెను. నాలుగు పాయలు, ఐదు పాయలు వేయగలవారి గొప్ప కూడ ఈ సమతపైననే ఆధారపడియున్నది.

బిగువును గూర్చి ఒక్క మాట. జడ సాయంకాలము వరకు చెదరకుండుటయే గొప్ప యని నుదుటి వెంట్రుకలు లాగుకొనిపోవునట్లు అల్లు అలవాటు పలు ఇండ్లలో కలదు. నిత్యము అట్లు లాగినచో నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పలుచబడునని వైద్యులు హెచ్చరించుచున్నారు. పిల్ల నొప్పియన్నపుడు వదులు చేయని చేయి ఎంత అందముగ అల్లినను మంచి చేయి కాదు. కవిత్వమున పదముల బిగువు వేరు, బిగదీయుట వేరు. జడయందును అంతే.

ఇక పూలజడ. మల్లెలు పూయు వేసవిలో ఆడపిల్లలకు పూలజడ వేయుట తెలుగువారికి, తమిళులకు, కన్నడిగులకు ఉమ్మడి ముచ్చట. కన్నడిగుల 'మొగ్గిన జడె' ఇదియే. ఇందులో నేర్పు మొగ్గను ఎంచుటయందు కలదు. మధ్యాహ్నము కుట్టిన మొగ్గ సాయంకాలము పేరంటపు వేళకు విచ్చుకొనవలెను. ముందే విచ్చినది వాడును, మరీ పచ్చిది విచ్చనే విచ్చదు. కురుచ జుట్టునకు సవరము చేర్చి, మొగ్గలను వరుసలుగా కుట్టి, నడుమ కనకాంబరముల ఎరుపును మరువపు పచ్చదనమును పొదిగి, కొనకు జడకుచ్చులు కట్టుదురు. పిల్ల గంటల తరబడి మెడ కదల్పక కూర్చుండవలెను. వెనుక అద్దముంచి, ముఖమును జడయు ఒకేసారి కనబడునట్లు ఫోటో తీయించుట మన యిండ్ల గోడలపై నేటికిని కనబడు ఆచారము.

ఆ ఛాయాచిత్రమునే విమర్శకుని కంటితో చూడుడు. అందు పిల్ల కలదు, జడ కలదు, అద్దము కలదు. పూలు గ్రుచ్చిన అమ్మమ్మ లేదు. సూదిలో దారమెక్కించిన మేనత్త లేదు. ప్రబంధకవి చేసిన పనినే ఫోటోగ్రాఫరును చేసినాడు. చేతులను చట్రము వెలుపల విడిచిపెట్టినాడు.

మన యిండ్లలో

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వత్తుము. మద్రాసు సీమలోనో, మైసూరు సీమలోనో, గంజాం జిల్లాలోనో, షోలాపురములోనో పుట్టి పెరిగిన మన పిల్లలకు బడిలో తెలుగు లేదు. ఉన్నను చాలినంత లేదు. వీధిలో లేదు. ఇంటను తండ్రి వార్తలు చూచుచుండును, పిల్ల పాఠములు చదువుచుండును. రోజున ఆ పిల్ల కదలక, మరొక పని చేయక, పెద్దదాని ముందు కూర్చుండు సమయము ఒక్కటే: జడ వేయించుకొను పావుగంట. అప్పుడు చేతులకు పని, నోటికి తీరిక. 'తల వంచు', 'ఇటు తిరుగు', 'కదలకే', 'అయిపోయిందమ్మా' అను మాటలతో ప్రారంభమై, బడిలో జరిగిన తగవు, పెద్దమ్మ గారి ఊరి సంగతి, ఒక సామెత, ఒక పొడుపుకథ అన్నియు ఆ పావుగంటలో దొర్లును. ఎదురెదురుగా కూర్చుండి చెప్పలేని మాటను పిల్ల వీపు త్రిప్పి కూర్చుండినపుడు చెప్పును. ఇది మన భాషకు మిగిలిన చిన్న బడి.

ఆ బడి పదములు ఇప్పుడెట్లున్నవి? దువ్వెన చెన్నపురిలో 'సీప్పు' అయినది, బెంగుళూరిలో 'బాచణిగె' అయినది, షోలాపురములో 'కంగవా' అయినది. పాపిట ఒకచోట 'వగిడు', ఒకచోట 'బైతలె', ఒకచోట 'భాంగ్' అయినది. పేను ఒక్కటి మాత్రము తమిళమునను పేనుగాను, కన్నడమున హేనుగాను ఇంచుమించు మనతోనే యున్నది. ఇరుగుపొరుగు మాటలు చేరుట తప్పుకాదు; కలసి బ్రతికినవారికి అది సహజము, సంపద. అయితే పొరుగుమాట వచ్చినది గనుక మన మాట పోవలెనను నియమము లేదు. పాయ, పాపిట, చిక్కు, కుచ్చు, సవరము, నాగరము - ఈ గుప్పెడు మాటలు పిల్ల నోట నిలిచినచో వాని వెనుక వాక్యములు నిలుచును.

దీనినిబట్టి మన సంఘములకు ఒక విన్నపము. ఉగాదికో సంక్రాంతికో పూలజడల పోటీ పెట్టదలచిన సంఘము, సిద్ధమైన జడను వేదికపై చూచి బహుమతి నిచ్చుటతో సరిపెట్టరాదు. అది ప్రబంధకవి తీర్పు. కొన్న పూలు, అద్దెకు తెచ్చిన జడబిళ్ళలు, బజారులో కుట్టించిన పూలజడ అచ్చట నెగ్గును. జడను సభలోనే అల్లవలెను. అల్లువారును అల్లించుకొనువారును తెలుగున మాటలాడుకొనవలెను. బహుమతి పత్రమున ఇద్దరి పేర్లును ఉండవలెను. పెద్దవారివద్ద జడ సంబంధమైన మాటలను సేకరించి, ఏ ఊరివారు ఏమందురో సంచికలలో ప్రకటింపవలెను. ఇది వ్యయము లేని పని; ఆలస్యమైనచో చేయరాని పని.

ఇక్కడ ఒక హెచ్చరికయు అవసరము. జడ లేనిది తెలుగుపిల్ల కాదనువారు మనలో నున్నారు. జుట్టు కత్తిరించుకొన్నంతమాత్రమున పిల్ల పరాయిది కాదు. పుట్టువెంట్రుకలు తిరుపతిలో సమర్పించి నున్నని తలతో ఇంటికి వచ్చిన పసిదానిని మనము తక్కువగా చూచితిమా? ఈతకో, ఆటకో, తీరికలేమికో, తన ఇష్టమునకో జుట్టు కురుచ చేసుకొన్న బాలికను జడ పేరిట నొప్పించుట, బిగదీసి అల్లుట వంటిదే. మనకు కావలసినది జుట్టు పొడవు కాదు, ఆ పావుగంట. కురుచ జుట్టునకు సైతము నూనె రాయవచ్చును, దువ్వవచ్చును, రెండు చిన్న పిలకలు వేయవచ్చును. తల్లికి తీరిక లేనినాడు తండ్రి నేర్చుకొని వేయవచ్చును. మూడు పాయల విద్య పురుషుల వ్రేళ్ళకు అందనిది కాదని రంగస్థలము ఏనాడో చెప్పినది.

జడ సాయంకాలమునకు చెదరును, రాత్రికి విప్పుదురు, ఉదయమున మరల అల్లుదురు. నిలువని వస్తువు గనుక దీనిని కళ కాదన్నవారికి మా సమాధానమొక్కటే: ముగ్గును అంతే, పాటయు అంతే, మాటయు అంతే. ప్రతిదినము మరల చేయుటవలననే ఇవి నిలిచినవి. అల్లుట మానిన ఇంట జడతోపాటు మరేమేమి మానుచున్నదో ప్రతి కుటుంబమును ఒకమారు లెక్క చూచుకొనుట మంచిది.