99 శాతం అన్నవాళ్లు డ్రెస్సుల పెట్టె చూశారా?

యంత్రాల వల్ల ఏయే పనులు పోతాయో మా సార్ ఒకరోజు క్లాసులో చెప్పారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ ఫ్రే, మైకేల్ ఆస్బోర్న్ అనే ఇద్దరు 2013లో 702 రకాల పనులు తీసుకుని, ఒక్కొక్కటి కంప్యూటరు చేతికి పోయే అవకాశం ఎంతో లెక్క వేశారు. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు ముప్పు ఎక్కువగా ఉందని తేల్చారు. ఆ పట్టికలో చేత్తో కుట్టేవాళ్లకు వచ్చిన అంకె 0.99. అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పోయినట్టే. క్లాసులో అందరూ డ్రైవర్ల గురించి, బ్యాంకు ఉద్యోగాల గురించి అడుగుతున్నారు. నేను మాత్రం ఆ 99 దగ్గరే ఆగిపోయాను. మా అమ్మ నాటకాల డ్రెస్సులకు చేత్తో చెమ్కీలు కుట్టేది.

కుట్టేది అన్నాను, కుడుతోంది అనలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ లెక్క సంగతి. ఈ ఏడాది మా రాయగడలో రామనవమి పందిట్లో సత్య హరిశ్చంద్ర నాటకం వేశారు. 1936 దాకా మన కొరాపుట్, రాయగడ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రం మారినా పద్యనాటకం మీద ఇష్టం ఇక్కడి తెలుగువాళ్లకు పోలేదు. డ్రెస్సులు తెచ్చిన తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చారు. అమ్మ ఆయనకు ఎప్పట్నుంచో తెలుసు కాబట్టి నన్ను తెర వెనక కూర్చోనిచ్చారు. నాటకం సగమే చూశాను గాని, తెర వెనక జరిగింది మాత్రం మొత్తం చూశాను.

టార్పాలిన్ కట్టిన చోటు, ఒక బల్బు, రెండు ట్రంకు పెట్టెలు. ఒకదాంట్లో మఖమల్ కోట్లు, పంచెలు. రెండోదాంట్లో కిరీటం, భుజకీర్తులు, హారాలు, విగ్గులు. పక్కన ఒక డబ్బాలో పిన్నీసులు, హుక్కులు, నాడాలు, నాలుగు రంగుల దారం ఎక్కించిన సూదులు. సూదుల్లో దారం ముందే ఎక్కించి పెట్టుకుంటారన్నది నాకు కొత్త. ఆ బల్బు వెలుగులో అప్పటికప్పుడు ఎక్కించడం కుదరదు కదా.

పద్యనాటకాల్లో ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు వేయడం మనకు మామూలే. ఆ రాత్రి మొదటి హరిశ్చంద్రుడు సన్నగా ఉన్నాడు, రెండో ఆయన భారీ మనిషి. కోటు మాత్రం ఒక్కటే! అది ఎలా పట్టిందా అని చూస్తే, కోటుకి వీపు దగ్గర గుడ్డే లేదు. రెండు అంచులకూ లూపులు కుట్టి, మధ్యలో నాడా దూర్చి ఉంది. సన్నటి ఆయనకు బిగించి కట్టారు, లావు ఆయనకు వదులు చేసి, పైన అంగవస్త్రం కప్పారు. "చూసేవాళ్లు ముందు కూచుంటారు గదమ్మా, వెనకాల ఏటుందో వాళ్లకెందుకు?" అన్నారు తాతగారు.

ఇంకో విషయం. వేషం మార్చడానికి ఎంత టైముందో ఆయన గడియారం చూసి చెప్పలేదు, పద్యం విని చెప్పారు. రాగం సాగుతున్నంతసేపు నింపాదిగా ఉన్నారు, చివరి పాదం రాగానే చేతులు జోరందుకున్నాయి. అంతలో బయట "వన్స్‌మోర్" అని అరిచారు. ఆయన చేతులు మళ్లీ నెమ్మదించాయి. దొరికిన ఆ కాస్త టైములో, తెగిపోయిన హుక్కును నటుడి ఒంటి మీదే నాలుగు కుట్లు వేసి నిలబెట్టారు. ఒంటి మీదున్న బట్ట కుట్టకూడదని మా నాయనమ్మ అంటుంది. నాటకాల వాళ్లకు ఆ పట్టింపు పెట్టుకుంటే జరగదేమో.

ఇప్పుడు ఆ పట్టిక మీద నా అభ్యంతరం చెప్తాను. అందులో "చేత్తో కుట్టేవాళ్లు" అనేది ఒక గడి. ఫ్యాక్టరీలో రోజంతా ఒకే కుట్టు వేసేవాళ్లకు ఆ అంకె సరిపోవచ్చు. తాతగారి పనిలో కుట్టడం పదో వంతు కూడా లేదు. వినడం, కొలత కళ్లతోనే పట్టడం, కంగారుపడే కొత్త నటుడికి ధైర్యం చెప్పడం, ఇవన్నీ ఏ గడిలో వేస్తారు? ఆ పరిశోధకులు కూడా మనిషి ఇంకా ముందున్న చోట్లు ఉన్నాయని ఒప్పుకున్నారు. చేతుల నేర్పు, కొత్తది సృష్టించడం, ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడం అని చెప్పారు. కానీ అంకె వేసేది పని మొత్తానికి కలిపే. 2016లో ఓఈసీడీ కోసం చేసిన ఇంకో అధ్యయనం ఒక్కో ఉద్యోగంలోని చిన్న చిన్న పనులను విడదీసి చూసింది. అప్పుడు 21 దేశాల సగటున ముప్పున్న ఉద్యోగాలు 9 శాతమే అని తేలింది.

పైగా గుడ్డ అంటే యంత్రానికి పెద్ద తలనొప్పి. ఇనుము ముక్క ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది, గుడ్డ జారుతుంది, ముడత పడుతుంది. అమెరికాలో అట్లాంటాలోని సాఫ్ట్‌వేర్ ఆటోమేషన్ అనే సంస్థ 'సూబాట్' అనే యంత్రం తయారుచేసింది. అంత పెద్ద యంత్రం కుట్టేది టీషర్టులాంటి సాదా బట్టలు. వీపు లేని కోటు వాళ్లు ఎప్పుడైనా చూశారో లేదో!

ఇక్కడితో ఆపేస్తే నా వ్యాసం హాయిగా ముగిసేది. కానీ మా ఇంట్లో జరిగింది వేరు.

అమ్మ పని ఏ రోబోటూ తీసుకోలేదు. సూరత్ నుంచి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసిన ముక్కలు బజారుకొచ్చాయి. కోటు ముందు భాగానికి అతికించి కుట్టేస్తే సరిపోతుంది. అమ్మకు నాలుగైదు రోజులు పట్టే డిజైన్ అది. పందిట్లో నేను చివర నిలబడి చూశాను. ఏది చేత్తో కుట్టింది, ఏది మెషీన్ కుట్టింది, నాకే తెలీలేదు. అమ్మ కుట్టు గొప్పదని చెప్పాలనే ఉంది. స్టేజీ మీద దూరం నుంచి చూసేవాళ్లకు తేడా కనబడదన్నది కూడా నిజమే. మన జిల్లా డొంగ్రియా కోంధ్ మహిళలు చేత్తో కుట్టే కప్డాగండా శాలువాకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ శాలువాను దగ్గర పెట్టుకుని చూస్తారు, కప్పుకుంటారు. నాటకం డ్రెస్సుకు ఆ అవకాశం లేదు.

అయితే అమ్మ చెమ్కీలతోనే ఆగలేదు. మొదట చెమ్కీ, తర్వాత జరీ అంచు, ఆ తర్వాత హుక్కులు, లూపులు, చివరికి మనిషిని చూసి కొలత పట్టడం. ఒక్కో మెట్టు ఎక్కుతూ నేర్చుకుంది. తాతగారు కూడా చిన్నప్పుడు పూసలు గుచ్చడంతో, డ్రెస్సులు మడత పెట్టడంతో మొదలెట్టారట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లోనూ పిల్లలు తెర వెనకే పెరిగి, రంగులు, డ్రెస్సులు, లైట్లు అన్నీ నేర్చుకున్నారు. యంత్రం పై మెట్టును ముట్టుకోలేదు, నిజమే. కింది మెట్టు తీసేసింది. పూసలు గుచ్చే పనే లేనప్పుడు, పద్యం విని టైము చెప్పే మనిషి ఎక్కడినుంచి తయారవుతాడు? 99 అన్నవాళ్లూ దీన్ని అడగలేదు, 9 అన్నవాళ్లూ అడగలేదు.

యంత్రం రాకూడదని నేను అనను. 1831లో పారిస్ దర్జీలు తిమోనియే అనే ఆయన కుట్టుమిషన్లను పగలగొట్టారు. అయినా మిషన్లు ఆగలేదు. తర్వాత కుట్టుమిషన్‌ని ప్రపంచమంతా అమ్మిన ఐజాక్ సింగర్ అంతకుముందు నాటకాలాడుతూ ఊరూరా తిరిగిన నటుడట! చదివి నవ్వొచ్చింది. తాతగారు రాత్రి రెండింటికి నోటు పుస్తకం పట్టుకుని హారాలు లెక్కపెట్టడం, ఒక భుజకీర్తి తగ్గితే పెట్టె అంతా మళ్లీ తిరగెయ్యడం చూశాను. ఆ లెక్క ఫోను చూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఇస్త్రీ కూడా యంత్రానికి ఇచ్చెయ్యొచ్చు.

నేర్చుకునేవాళ్లకు మొదటి పని ఎవరిస్తారన్నదే ఇంకా మిగిలి ఉంది. మన స్కూలు వార్షికోత్సవానికి ప్రతి ఏడూ డ్రెస్సులు అద్దెకు తెస్తాం, పిన్నీసులు పెట్టి సరిచేస్తాం, తిరిగి ఇచ్చేస్తాం. ఒక్క నాటకానికైనా కోట్లకు లూపులు, నాడాలు మనమే కుట్టుకోవచ్చు కదా అని మా టీచర్‌ని అడిగాను. గుడ్డ ఖర్చు ఎంతో రాసుకుని రమ్మన్నారు.

మొన్న తాతగారు అమ్మకు ఫోన్ చేశారు. ఆ కోటు నాడాలు పీలికలయ్యాయట, మార్చి ఇమ్మన్నారు. అమ్మ సరేనంది. కూలి ఎంతో ఇంకా మాట్లాడుకోలేదు.