ఊడిన పెచ్చు చెప్పే సంగతి

బుల్లెట్ బండికి రెండు పక్కలా తగిలించే ప్లాస్టిక్ సైడ్ బాక్సులకు కొత్తగా వేయించిన రంగు ఏడాది తిరక్కుండానే పెచ్చులూడితే తిట్లన్నీ రంగు డబ్బాకే తగులుతాయి. నాసిరకం రంగు కొన్నాడనో, కోట్లు తగ్గించాడనో పెయింటర్‌ని ఆడిపోసుకుంటాం. ఊడిన పెచ్చును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పెచ్చు వెనక ప్రైమర్ అంటుకుని వచ్చి, కింద ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోందంటే, ఆ పెట్టెను రుద్దకుండానో, జిడ్డు వదలగొట్టకుండానో ప్రైమర్ కొట్టేశారన్నమాట. ప్రైమర్ పెట్టె మీదే నిలిచి రంగు మాత్రం లేచిందంటే, ఆరిన ప్రైమర్‌ని రుద్దడం మానేశారు. రంగు కూడా గట్టిగానే ఉండి, పైనున్న పారదర్శకమైన పూత, అంటే క్లియర్, ఒక్కటే పొరగా వచ్చేస్తోందా? రంగు కోటు పడ్డాక క్లియర్ వెయ్యడానికి మరీ ఆలస్యం చేశారు, లేదా క్లియర్ పలచగా పడి ఎండకు చచ్చిపోయింది.

పెచ్చు లేవని చోట కూడా నమ్మకం పెట్టుకోకూడదు. తెలిసిన మేస్త్రీ బ్లేడుతో రెండు మిల్లీమీటర్లకో గీత చొప్పున నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని గీసి, చిన్న చిన్న గళ్లు కట్టి, వాటి మీద టేపు గట్టిగా అంటించి ఒక్క గుంజు గుంజుతాడు. గళ్లు టేపుతో పాటు వచ్చేస్తే పెట్టె మొత్తం ఒలవాల్సిందే. నిలిస్తే ఉన్న రంగునే పునాదిగా పెట్టుకుని, రుద్ది, పైన వేసుకోవచ్చు. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. ఇది చెయ్యకుండా ఊడుతున్న రంగు మీదే కొత్త రంగు కొట్టిస్తే పెట్టిన డబ్బంతా పాత పొరతో పాటే రాలిపోతుంది.

ఈ పొరపాట్లు ఎందుకు జరుగుతాయో తెలియాలంటే ఈ పని ఎక్కడ పుట్టిందో చూడాలి. పాత పెయింటింగ్ షెడ్ల మీద ‘డూకో పెయింటింగ్’ అని రాసిన బోర్డులు మనలో చాలామంది చూసే ఉంటారు. డూకో అంటే డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లతో అది జనంలోకి వచ్చింది. అంతకుముందు కుంచెతో వేసి, ఆరబెట్టి, మళ్లీ వేస్తూ వారాల తరబడి సాగిన కారు పెయింటింగ్ దాంతో గంటల్లోకి దిగింది. చల్లే గన్ను అప్పటికే ఉంది. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్బిస్ అనే డాక్టరు గొంతులో మందు చల్లడానికి ఒక పరికరం చేస్తే, ఆయన కొడుకు థామస్ 1907లో దాన్ని రంగు చల్లే గన్నుగా మార్చాడు. ఆ లక్కరూ ఈ గన్నూ కలిసి పుట్టించిన విద్యే విజయవాడ ఆటోనగర్‌లోనూ, గాజువాక ఆటోనగర్‌లోనూ మేస్త్రీల చేతుల మీదుగా కుర్రాళ్లకు అందుతూ వస్తోంది. ఏ పుస్తకమూ లేకుండా, చూపూ చేతి స్పర్శా ఆధారంగా ఇంతకాలం నిలిచిన విద్య అది. దాని మీద నాకు చాలా గౌరవం.

అయితే అది రేకు మీద పెరిగిన విద్య. బండికి ప్లాస్టిక్ ఒళ్లు తర్వాత వచ్చింది. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌కు కాళ్ల ముందు ఉండే షీల్డును పాలిథిన్‌తో చేశారు. 1980లో అదే హోండా గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్ అనే బండిని వెనక పెట్టెలతో సహా ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. ఇప్పటి గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో చాలావరకు ఏబీఎస్, కొన్ని పాలీప్రొపిలీన్. రేకు మీద చెల్లిన అలవాట్లు వీటి మీద చెల్లవు.

ఒకటి, వేడి. రేకును ఫ్యాక్టరీలో 140 డిగ్రీల ఓవెన్లో పెట్టి రంగు కాలుస్తారు. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటగానే మెత్తబడి వంకర తిరుగుతుంది, కాబట్టి దానికి హార్డెనర్ కలిపి, తక్కువ వేడికే గట్టిపడే రంగు కావాలి. రెండోది, సాగడం. ఒకే వేడికి ఉక్కు కంటే ఏబీఎస్ ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది. అర మీటరు పొడవున్న నల్ల పెట్టె తెల్లవారుజామున ఉన్న కొలతకీ, మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టినప్పటి కొలతకీ మిల్లీమీటరున్నర దాకా తేడా వస్తుంది. పైనున్న పుట్టీ, ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ ఆ సాగుడుకు ఒప్పుకోవాలి. మందంగా పూసిన పుట్టీ ఒప్పుకోదు. గుంతల రోడ్డు మీద పెట్టె అదిరినప్పుడల్లా పగుళ్లు బోల్టు రంధ్రాల దగ్గర మొదలవుతాయి.

అందుకే ఏ ప్లాస్టికో ముందు తెలుసుకోవాలి. పెట్టె లోపలి వైపు అచ్చులోనే ఏబీఎస్ అనో, పీపీ అనో పోసి ఉంటుంది. గుర్తు లేకపోతే లోపలి అంచు నుంచి గోరంత ముక్క చెక్కి నీళ్లలో వేస్తే సరి. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. పీపీకి ఏ రంగూ తనంతట తాను అంటదు. దానికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ అని అమ్మే పారదర్శకమైన మందును పలచగా కొట్టి తీరాలి. లోపల దారాల అల్లిక కనిపిస్తే అది గాజునార పెట్టె, దాని లెక్క వేరు.

ఒలవడంలో రేకు పనివాళ్లు చేసే పెద్ద పొరపాటు రంగు ఊడదీసే మందు పుయ్యడం. అది రంగుతో పాటు ఏబీఎస్‌ని కూడా తినేస్తుంది. పెట్టె పైభాగం జిగురై, ఆరాక సన్నని చీలికలు పడుతుంది. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా తుడిచినా అదే తంతు. ఊడుతున్న రంగైతే, లేచిన అంచు కిందికి కంప్రెసర్ గాలి పెడితే చాలు. పట్టు లేని రంగు చేటంత పెచ్చులుగా ఎగిరిపోతుంది, పట్టున్నచోట గాలి ఆగిపోతుంది. ఎక్కడిదాకా చెడిందో గాలే గీత గీసి చూపిస్తుంది. మిగిలింది 320 నంబరు వాటర్ పేపర్‌తో చేత్తో తియ్యాలి. మూలల దగ్గర నెమ్మదిగా రుద్దాలి, అక్కడ వేలి ఒత్తిడంతా ఒకే గీత మీద పడి ప్లాస్టిక్ అరిగిపోతుంది.

అయితే ఈ రుద్దుడు మొదలుపెట్టడానికి ముందే కడగాలి. ఈ వరుస తప్పితే మొత్తం పాడైనట్టే. మెరుపు కోసం మనం పెట్టెల మీద పూసే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. కడగకుండా రుద్దితే కాగితం గీసిన ప్రతి గీతలోకీ ఆ జిడ్డును మనమే ఎక్కించినవాళ్లం అవుతాం. తర్వాత రంగు కొట్టగానే అక్కడక్కడ రంగు పక్కకు తప్పుకుని గుండ్రటి గుంటలు తేలతాయి. అందుకని ముందు సబ్బునీళ్లు, తర్వాత జిడ్డు తీసే ద్రవం ఒక గుడ్డతో పూసి, ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. శుభ్రమైందో లేదో నీళ్లే చెబుతాయి. పెట్టె మీద నీళ్లు పోస్తే పొరలా పరుచుకుని నిలవాలి. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుంది.

పెట్టె పగిలి ఉంటే, దాన్ని అతికించడంలో వీధి చివర ప్లాస్టిక్ వెల్డింగ్ వాళ్ల పనితనం గొప్పది. పగులు ఆగిన కొసన సన్నని రంధ్రం వేసి, అది ఇంకా పాకకుండా ఆపి, లోపలి వైపు నుంచి సన్నని తీగ వలను సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి అదుముతారు. ఏబీఎస్ పెట్టె అయితే, పాత ఏబీఎస్ ముక్కల్ని ఎసిటోన్‌లో కరిగించి చేసిన ముద్ద పగుల్లో నింపితే పెట్టెలో పెట్టెగా కలిసిపోతుంది. దానికి ఒకటి రెండు రోజులు ఆరే గడువియ్యాలి.

ఇక ప్రైమర్. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చే ఘట్టం దీని తర్వాత వస్తుంది. ఆరిన బూడిదరంగు ప్రైమర్ మీద నల్ల రంగును దూరం నుంచి పొగమంచులా చల్లి, చెక్కదిమ్మకు చుట్టిన 600 నంబరు కాగితంతో నీళ్లు పోస్తూ రుద్దుతారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందే పోతుంది. పల్లం ఉన్నచోట నల్లచుక్కగా మిగులుతుంది. కంటికీ వేలికీ అందని సొట్టలు కూడా అప్పుడు బయటపడతాయి. ఓపికున్న మేస్త్రీ ఆ చుక్కలు పోయేదాకా రుద్దడు. అంత రుద్దితే చుట్టూ గుంటవుతుందని తెలుసు. ఆ చుక్క మీద కాస్త పుట్టీ పెట్టి, మళ్లీ ప్రైమర్ కొట్టి, మళ్లీ మొదటికొస్తాడు.

గన్ను పట్టుకున్నాక పని త్వరగానే నడుస్తుంది. 15, 20 సెంటీమీటర్ల దూరం, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి, కోటుకీ కోటుకీ మధ్య తడి మెరుపు తగ్గేదాకా ఆగాలి. ఆగకపోతే లోపల చిక్కిన థిన్నర్ తర్వాత బుడగలై పైకొస్తుంది. మెటాలిక్ రంగైతే ఇంకో మెలిక ఉంది. రంగులోని అల్యూమినియం రేణువులు పడ్డ తీరునిబట్టి వెలుగు ప్రతిఫలిస్తుంది. ఒక పెట్టెను బల్ల మీద పడుకోబెట్టి, రెండోదాన్ని తీగకు వేలాడదీసి కొడితే ఒకే డబ్బా రంగు రెండు రంగులుగా కనిపిస్తుంది. రెంటినీ బండికి ఉండే తీరులోనే నిలబెట్టి, ఒకే పూట కొట్టాలి.

కోస్తాలో వానాకాలం పెద్ద పరీక్ష. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ పొర చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద పేరుకుని రంగు పాలిపోతుంది, లక్కర్ అయితే మరీను. ఎండ ఎక్కి తేమ తగ్గాక, నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో కొట్టాలి. సాయంత్రం చల్లగాలికి కొట్టమని తొందరపెట్టే బండి యజమాని తన పెట్టెను తానే పాడుచేసుకుంటున్నాడు.

క్లియర్ కారి బొట్టు నిలిచిందా, నారింజ తొక్కలా గరుకు తేలిందా, ఈ రెంటికీ ఒలిచే పని లేదు. పూర్తిగా గట్టిపడ్డాక 1500, 2000 నంబర్ల కాగితంతో నీళ్ల మీద సమం చేసి, కంపౌండ్‌తో మెరుగుపెడితే సరిపోతుంది. కారిన బొట్టును తడిగా ఉండగా వేలితో తుడవబోతే మాత్రం పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హార్డెనర్ కలిపిన క్లియర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం పట్టుకుంటుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక కొద్దిపాటి పొగమంచు సోకినా ఆయాసం వస్తుంది. మూతికి కట్టిన చేతిరుమాలు దాన్ని ఆపలేదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉంటే మేలు, అది లేనిచోట కనీసం బొగ్గు ఫిల్టర్ల మాస్కు సరిగ్గా మొహానికి అతుక్కునేలా పెట్టుకోవాలి. షెడ్లలో పదహారేళ్ల కుర్రాళ్లు ఏ అడ్డమూ లేకుండా ఆ మబ్బులో నిలబడి ఉండటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ మాస్కు ఖరీదు కూడా పని ధరలో కలిపి అడగడం మేస్త్రీ హక్కు, ఇవ్వడం మన బాధ్యత.

బేరమాడేటప్పుడు మనం కోట్లు లెక్కపెడతాం. రుద్దిన గంటలు బిల్లులో ఉండవు. కడిగినందుకు డబ్బులిచ్చిన వాళ్లను నేను చూడలేదు. బేరం తగ్గేకొద్దీ పెయింటర్ కోసేది కంటికి కనిపించని ఆ గంటల్నే. మెరుపు తగ్గిస్తే మనం ఒప్పుకోం కదా. “ఎన్ని కోట్లు కొడతారు మేస్త్రీ?” అనే బదులు “ఎన్నిసార్లు రుద్దుతారు?” అని అడిగి చూడండి. మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

పెట్టెలు చేతికొచ్చాక కూడా తొందర పనికిరాదు. రంగు పైకి ఒక రోజులోనే గట్టిపడినట్టు కనిపించినా లోపల వారాల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. ఆ నెలంతా మైనం పాలిష్ పుయ్యొద్దు, స్టిక్కర్లు అంటించొద్దు, వాన కవరు తొడిగి ఎండలో వదిలెయ్యొద్దు. బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేసి, చేతికి ఆనేంతవరకే బిగించి, వారం పోయాక మిగతా బిగింపు పూర్తిచెయ్యండి. పచ్చిరంగు మీద ఇనప వాషర్ పెట్టి స్పానర్‌తో తిప్పితే ఆ చుట్టూ రంగు నలిగి పైకి లేస్తుంది, మరో పెచ్చు అక్కడి నుంచే మొదలవుతుంది.