మఠం కనిపించని కవిత

వర్డ్స్‌వర్త్ రాసిన ఈ కవితను లోకమంతా ‘టింటర్న్ ఆబీ’ అనే పిలుస్తుంది. వేల్స్‌లో వై నది ఒడ్డున, పైకప్పు కూలిపోయి గోడలతో నిలిచిన పాత క్రైస్తవ మఠం పేరది. ఆ రోజుల్లో జనం పడవలెక్కి మరీ ఆ శిథిలాలు చూడడానికి వచ్చేవారు. కవితలో మాత్రం ఆ మఠం లేదు, ఒక్క కమాను కూడా కనిపించదు. మఠానికి కొన్ని మైళ్ళ ఎగువన అల్లినదని కవి పూర్తి శీర్షికలోనే చెప్పాడు. అందరూ చూడవచ్చిన దాన్ని వదిలేసి, తన మనసులో ఐదేళ్ళుగా ఉన్నదాన్ని వెతుక్కున్నాడు.

శీర్షికలో తేదీ కూడా ఉంది: 13 జూలై 1798. అప్పుడతనికి 28 ఏళ్ళు, పక్కన చెల్లెలు డొరొతి. 1793లో మొదటిసారి వచ్చినప్పుడు మనసు చెదిరిపోయి ఉంది. ఫ్రాన్స్‌లో ప్రేమించిన మనిషి, పసిబిడ్డ అక్కడే ఉండిపోయారు. ఫ్రాన్స్‌కూ బ్రిటన్‌కూ మధ్య యుద్ధం మొదలైంది. ఈ సంగతులేవీ కవితలో చెప్పడు. ఎత్తుగడలోనే ఐదు అనే అంకెను మూడుసార్లు పలుకుతాడు, అంతే. ఏళ్ళు చెప్పి ఊరుకోక వేసవులూ చలికాలాలూ లెక్కపెట్టడంలో ఆ ఎడబాటు బరువంతా తెలిసిపోతుంది.

ఇక ‘మళ్ళీ’ అన్న మాట. మొదటి 22 పంక్తుల్లో నాలుగుసార్లు వస్తుంది. వినడం మళ్ళీ, చూడడం మళ్ళీ, చెట్టు నీడన చేరడం మళ్ళీ. వర్ణన కొత్తగా వచ్చినవాడిది కాదు, తిరిగొచ్చినవాడిది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు పొలాల కంచెల దగ్గరుంది. ముందు కంచెలు అంటాడు. వెంటనే, ఇష్టం వచ్చినట్టు పెరిగిపోయిన ఆ పొదలకు ఆ పేరు నప్పదనిపించి మాట మార్చుకుంటాడు. మార్చుకున్నవాడు మొదటి మాట కొట్టేయవచ్చు కదా? కొట్టేయలేదు, రెండూ ఉంచాడు. గుర్తున్న బొమ్మనూ కళ్ళెదుట ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటున్న మనసు అక్కడ పట్టుబడుతుంది.

తరువాత కవిత నగరంలోని గదుల్లోకి వెళుతుంది. అక్కడ అలసి కూర్చున్నప్పుడు ఈ కొండల జ్ఞాపకం ముందు ఒంట్లో తెలిసిందట, ఆ తరువాతే ఆలోచనకు అందిందట. మనిషి ఎవరికో చేసి మరిచిపోయిన చిన్న చిన్న మేళ్ళలో కూడా దాని చేయి ఉండవచ్చంటాడు. ఒక లోయను చూసినందుకు మనిషి మంచివాడవుతాడా? పెద్ద మాటే. అందుకే నిర్ధారించి చెప్పకుండా, ‘ఉండవచ్చు’ అని ఆగుతాడు. ఇంకాస్త పైకి వెళ్ళి, లోకం లోపలి ప్రాణం కనిపిస్తుందన్న అంచుకు చేరగానే, ఇదంతా వట్టి నమ్మకమేమో అని తానే అనుమానపడతాడు. ఆ అనుమానం లోంచే నదిని పేరుపెట్టి పిలుస్తాడు. వాదం ఆగిపోయిన చోట పిలుపు మొదలవుతుంది. ఇంత నిజాయితీగా ఎక్కిదిగిన కవితలు నాకు ఎక్కువ తెలియవు.

చివరికి చెల్లెలి వైపు తిరుగుతాడు. తాను లేని రోజున ఈ లోయ ఆమె జ్ఞాపకంలో ఉండాలని కోరుకుంటాడు.

ఈ కవితకు అంత్యప్రాసలు లేవు. మన పద్యాల్లో వాక్యం పాదం దాటి పారినట్టే, ఇక్కడా పంక్తి చివర ఆగకుండా నడుస్తుంది. నడకలోనే పుట్టింది మరి. టింటర్న్ విడిచి నది దాటాక మొదలై, బ్రిస్టల్ చేరేసరికి పూర్తయిందనీ, ఊరు చేరేదాకా కాగితం మీద పెట్టలేదనీ, ఒక్క పంక్తీ మార్చలేదనీ కవి తరువాత చెప్పుకున్నాడు. 1798లోనే మిత్రుడు కోల్‌రిడ్జ్‌తో కలిసి తెచ్చిన ‘లిరికల్ బాలడ్స్’ మొదటి కూర్పులో ఇదే చివరి కవిత. పుస్తకం దొరికితే చివరి నుంచి తెరవండి, పైకి చదవండి.