యక్షప్రశ్నలును ఉద్యోగప్రశ్నలును

ప్రశ్నోత్తరరూపమైన పరీక్ష మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ఆరణ్యపర్వాంతమున ధర్మరాజు యక్షుని ప్రశ్నలకు సమాధానములు చెప్పి, మృతులైన తమ్ములను బ్రతికించుకొనెను. అచట ప్రశ్నించువాడు ఉత్తరము విలువ నెరిగినవాడు. ఆధునిక కథలలో ఈ సన్నివేశము ఉద్యోగార్థి ఇంటర్వ్యూగా మారినది. ఆకారము నిలిచినను అందలి ధర్మము మారినది. ఆ మార్పును గుర్తించిన కథ యేది, మరచిన కథ యేది యనునది విచార్యము.

సునీల్ గంగోపాధ్యాయ నవల ననుసరించి సత్యజిత్ రాయ్ తీసిన ‘ప్రతిద్వంది’ (1970) ఇందుకు ముఖ్యోదాహరణము. గడచిన దశాబ్దమున ఘనమైన సంఘటన యేదియని అడుగగా, సిద్ధార్థుడు చంద్రయాత్రను గాక వియత్నాం యుద్ధమును పేర్కొనును. శాస్త్రాభివృద్ధి నెరిగినవారికి చంద్రయాత్ర ఊహకందనిది కాదనియు, సామాన్యప్రజల అసాధారణ ధైర్యము అట్టిది కాదనియు అతడు చూపు హేతువు. పరీక్షకులు ఆ హేతువును ఖండింపరు. నీవు కమ్యూనిస్టువా యని మాత్రమే అడుగుదురు. వారు వెదకునది జ్ఞానమును గాదు, విధేయతను. అదే దర్శకుని ‘జన అరణ్య’ (1976)లో సోమనాథుని చంద్రుని బరువెంతయని అడుగుదురు. ఇచట ప్రశ్నకును పనికిని గల సంబంధమే తెగిపోయినది.

హిందీ చిత్రము ‘త్రీ ఇడియట్స్’ (2009) మార్గము వేరు. ఇంజినీరింగు విద్యార్థి రాజు గాయములతో చక్రముల కుర్చీలో వచ్చి, తన తక్కువ మార్కులకు భయమే కారణమని నిజము చెప్పును. ఇంత నిర్మొగమాటము తమకు పనికిరాదని పరీక్షకులన్నను వెనుదీయడు. తుదకు ఉద్యోగము లభించును.

సత్యమునకు ఫలము చూపుట దోషమా యని అడుగవచ్చును. కాదు; భారతమును అట్లే చూపినది. కాని యక్షరూపమున నున్నవాడు ధర్మదేవత. అనుగ్రహము అతని స్వభావము. సూటిమాటను లోపముగా నెంచిన పరీక్షకులు క్షణములో దానినే మెచ్చుకొనుటకు కథలో తగిన కారణము లేదు. ప్రేక్షకుని నిరాశను తొలగించుటకై కథకుడు యక్షుని మరల పిలిపించినాడు.

కావున ఇంటర్వ్యూ సన్నివేశమును ఉద్యోగము వచ్చినదా లేదా యనుదానినిబట్టి తూచరాదు. ప్రశ్నించువారు దేనిని వెదకుచున్నారో కథ చూపినదా యనునదే ప్రమాణము. సిద్ధార్థుడు కలకత్తా విడిచి, బాలూర్‌ఘాట్‌లో మందుల ప్రచారకుడుగా చేరును. అతని నిరాశను రాయ్ తీర్చలేదు. అందుచేతనే ఆ ప్రశ్న అడిగినవారిని మనము నేటికిని నిలదీయుచున్నాము.