చండీగఢ్ ఇళ్లు: ఇటుక నిజాయితీ ఎంతవరకు?

ఆధునిక వాస్తుశిల్పం గురించి రాసేవాళ్లు ఒక మాట తప్పకుండా అంటారు. ఇల్లు తన నిర్మాణాన్ని దాచుకోగూడదు, ఇటుక ఇటుకలాగే కనబడాలి, గోడ ఎట్లా లేచిందో గోడే చెప్పాలి అని. దీనికి పదార్థం పట్ల నిజాయితీ అని పేరు. ఈ నిజాయితీని మేం కొట్టిపారెయ్యడం లేదు. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో అడుగుతున్నాం.

చండీగఢ్‌నే తీసుకుందాం. 1947 విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోయాక తూర్పు పంజాబుకు కొత్త రాజధాని కావాల్సొచ్చింది. ఆ నగరం పేరెత్తితే లె కార్బూజియె పేరే వినబడుతుంది గానీ, ప్రభుత్వోద్యోగుల ఇళ్ల పని 1951 నుంచి ప్రధానంగా పియర్ జాన్నెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూల మీద నడిచింది. వాళ్లతోపాటు మన దేశపు యువ వాస్తుశిల్పులూ ఉన్నారు. డబ్బు తక్కువ. ఉక్కూ సిమెంటూ కరువు. చవగ్గా దొరికేది ఇటుక. ఆ ఎండలకు పెద్ద అద్దాలు పనికిరావు. అందుకే పూతలేని ఇటుక గోడలు, చిన్న కిటికీలు, సందులు వదిలి పేర్చిన ఇటుక జాలీలు, నీడ కోసం ముందుకు పొడుచుకొచ్చిన చట్రాలు వచ్చాయి. వరసగా నిలబడ్డ ఆ ఇళ్లకు నీడే ముఖం. అలంకారాన్ని తెచ్చి అతికించలేదు, అవసరమే రూపమైంది. ఇది గొప్ప పనే.

కానీ మొదటి పథకంలో ఇళ్లు 13 రకాలు. ముఖ్యమంత్రి దగ్గర మొదలై బంట్రోతు దగ్గర ఆగే నిచ్చెన అది. హోదాను బట్టి గదులు. పై మెట్ల ఇళ్లలో పనివాళ్లకు విడిగా గదులు. గతం సంకెళ్లు లేని నగరమని నెహ్రూ మురిసిన చోట కూడా మెట్లు చెక్కుచెదరలేదు. మరో విడ్డూరం చూడండి. రకం సంఖ్య పక్కన, ప్లాను గీసినవారి పేరులోని అక్షరం చేర్చి ఇంటిని పిలిచారు. జాన్నెరెకు ఒక అక్షరం, డ్రూకు ఒక అక్షరం. తాపీమేస్త్రీకి, తట్ట మోసిన ఆడమనిషికి అరక్షరం కూడా లేదు. వాళ్లున్నది తాత్కాలిక గుడిసెల్లో. ఆ 13 రకాల్లో వాళ్లది ఏ రకమూ గాదు.

ఇక్కడితో ఆపితే మనకు సులువే గదా! అయినా ఆఖరి మెట్టు, బంట్రోతు ఇంటి ప్లాను, మళ్లీ చూడమంటాం. రెండు గదులు, వంటిల్లు, వరండా, చిన్న పెరడు, ఫ్లష్ మరుగుదొడ్డి. తెల్లదొరల బంగళాల్లో స్నానాలగదికి బయటివైపు ఒక తలుపుండేది. పాకీమనిషి ఇంట్లో అడుగుపెట్టకుండా వెనకనుంచి వచ్చి మలం ఎత్తుకుపోవడానికి. ఆ దొడ్డితలుపును కట్టింది మేస్త్రీ గాదు, అంటరానితనం. పొడి మరుగుదొడ్లు కట్టగూడదని దేశంలో చట్టం వచ్చింది 1993లో. అంతకు నలభయ్యేళ్ల ముందే చిట్టచివరి ఉద్యోగి ఇంటికీ నేలలో గొట్టం వేశారు. జాలీల ఫోటోలు అచ్చేసే పుస్తకాలకు ఈ గొట్టం ఆనదు. నిర్మాణమే భావం పలుకుతుందంటే, ఆ ఇళ్లలో అన్నిటికన్నా గట్టిగా పలికింది మాత్రం ఇదే.

అయితే గొట్టం అవతలి కొస మురుగుకాలువలో ఉంటుంది. అది పూడినప్పుడు దిగే మనిషికి ఏ ప్లానులోనూ తలుపు గియ్యలేదు, మాన్‌హోల్ మూత తప్ప. రక్షణ లేకుండా మనిషిని అందులోకి దించగూడదని 2013 చట్టం చెప్పింది. దించుతూనే ఉన్నారు.